మామయ్యకు వినిపించిన వేలు

మంగళవారం ఉదయం తొమ్మిది దాటాక, నేను ఆఫీసు కాల్‌లో ఉండగా అత్తయ్య ఫోను చేసింది. ఆ వేళప్పుడు ఆవిడ ఎప్పుడూ చెయ్యదు. "మీ మామయ్య లేవట్లేదే," అంది. నేనేమీ అనకముందే మళ్ళీ అదే మాట అంది. షికాగో శివార్లలోని అరోరాలో మా ఇంటి నుంచి నేపర్‌విల్‌లో వాళ్ళింటికి పావుగంట. నేను వెళ్ళేసరికి అంబులెన్సు వాళ్ళు తమ సామాను సర్దుకుంటున్నారు. మామయ్య దుప్పటి గుండెల దాకా కప్పుకుని, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని పడుకుని ఉన్నారు. ఎనభై రెండేళ్ళు. నిద్రలోనే పోయారు.

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. ఎరిగిన కొద్దిమందికీ ఆయన గుడిలో ఆదివారాలు బీపీ చూసే రిటైర్డు సర్జన్‌గారు. నేను రాయదలచుకున్నది ఆయన యాభై ఏళ్ళు చెవుల్లో మోసిన ఒక చప్పుడు గురించి. రాయవచ్చునా అని అత్తయ్యను అడిగాను. "రాయవే. దాచుకుని ఆయన మాత్రం ఏం సుఖపడ్డారు," అంది.

నేను హెచ్-వన్ వీసా మీద ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఏడాదిన్నర వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉన్నాను. ఆయన మా అమ్మకు పెద్దన్నయ్య. ఒక శనివారం ఆయనతో సరుకులకి వెళ్ళాను. బెండకాయలు ఏరుతున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోయారు. దుకాణం కప్పులోని స్పీకర్లలో ఏదో పాత రాక్ పాట వస్తోంది, గిటారు మోగుతోంది. ఆయన ఎడమ చేతి ఉంగరం వేలిని కుడి పిడికిట్లో గట్టిగా పట్టుకున్నారు. తోపుడు బండి అక్కడే వదిలేసి బయటికి నడిచారు. నేను బిల్లు కట్టి వచ్చేసరికి కారు పక్కన ఎండలో నిలబడి ఉన్నారు.

"ఏమైంది మామయ్యా?" అన్నాను.

"ఏం లేదమ్మాయ్. లోపల ఉక్కగా ఉంది."

అది అక్టోబరు. ఇంటికొచ్చాక అత్తయ్యను అడిగితే, "ఆయనకి ఆ పాటలు పడవు. వదిలెయ్," అంది. తర్వాత నేనే గమనించడం మొదలుపెట్టాను. పెళ్ళి రిసెప్షన్లలో, పళ్ళ డాక్టరు దగ్గర, పెట్రోలు బంకులో, ఎక్కడ గిటారు ఒక పద్ధతిలో ఏడ్చినా ఆయన చెయ్యి ఆ వేలి మీదకి వెళ్ళేది. ఈ దేశంలో ఆ చప్పుడు నుంచి తప్పించుకోవడం ఎవరితరం?

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉండేది. మన ఇళ్ళలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు వచ్చే మాట "ఏం కాదులే". ఆయన నోట ఆ మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. నా ఉద్యోగం పోయి, అరవై రోజుల్లో ఇంకొకటి దొరక్కపోతే సామాను సర్దుకుని దేశం వదిలి వెళ్ళిపోవలసిన రోజుల్లో, ఫోను చేసినవాళ్ళందరూ ఏం కాదులే అన్నారు. మామయ్య మాత్రం ఎదురుగా కూర్చుని, "ఏమవుతుందో నాకు తెలీదమ్మా. కాఫీ తాగుతావా?" అన్నారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ అరవై రోజుల్లో నాకు మిగిలిన మాట అదొక్కటే.

అసలు సంగతి చాలా ఏళ్ళకి, నా కూతురి వల్ల బయటపడింది. దానికి పదిహేనేళ్ళప్పుడు ఎలక్ట్రిక్ గిటారు కొనిచ్చాం. ఒకరోజు మధ్యాహ్నం మామయ్యావాళ్ళు మా ఇంటికి భోజనానికి వచ్చారు. కింద బేస్‌మెంట్‌లో అది ప్రాక్టీసు చేస్తోంది. మామయ్య అన్నం కలుపుతున్నవారు కలుపుతున్నట్టే ఆగిపోయారు. ఈసారి బయటికి వెళ్ళలేదు. ఎంగిలి చేత్తోనే మెట్లు దిగి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను.

"అది ఎవరు నేర్పారు నీకు?" అని అడిగారు దాన్ని.

"ఎవరూ నేర్పలేదు తాతా. యూట్యూబ్‌లో చూశాను. ఇది బ్లూస్ లిక్, చిన్న స్వరాల ముక్క. రాక్‌లో అందరూ వాయిస్తారు."

"మళ్ళీ వాయించు."

వాయించింది. తీగను ఉంగరం వేలితో పైకి తోసింది, ఆపింది, మెల్లగా కిందికి వదిలింది. మూడే మూడు స్వరాలు.

"ఇది ఆయన వేలు," అన్నారు మామయ్య. ఆ మెట్ల మీదే కూర్చుండిపోయారు. చేతి మీద పప్పన్నం ఎండిపోతున్నా చూసుకోకుండా మొదటిసారి చెప్పారు.

డెబ్భైల మొదట్లో ఆయన షికాగో పడమటి వైపు ఒక ఆసుపత్రిలో సర్జరీ నేర్చుకుంటున్నారు. కొత్తగా వచ్చిన మనిషి. ఉండేది ఒక్క గది. ఆదివారం ఉదయాలు దగ్గర్లో వీధి సంత జరిగేది. పాత బట్టలు, రేడియో సామాను, వేయించిన చేపలు అమ్మేవాళ్ళ మధ్య గిటారు వాయించేవాళ్ళుండేవారు. దక్షిణాది పత్తి చేలు వదిలి రైలెక్కి వచ్చిన నల్లజాతి మనుషులు, వాళ్ళ పిల్లలు. వాళ్ళ ఊళ్ళో మామూలు గిటారు సరిపోయేది. ఇక్కడ బస్సుల రొదలో, జనం రొదలో అది వినపడక, ఏదో షాపు కిటికీలోంచి వైరు లాగి గిటారుకి కరెంటు పెట్టారు. అదే బ్లూస్ అని ఆయనకి అప్పటికి తెలీదు.

"ఒకాయన దగ్గరే ఆగిపోయేవాణ్ణి," అన్నారు. "మన గమకం లాంటిదమ్మా. స్వరం మీద తిన్నగా నిలబడడు. కింద నుంచి తోసుకుంటూ పైకి తీసుకెళ్తాడు. అంతా ఆ ఉంగరం వేలితోనే. మా నాన్న పోయారని ఉత్తరం వచ్చింది నాకు, పోయిన ఇరవై రోజులకి. ఏడుపు రాలేదు. ఆ ఆదివారం అక్కడ నిలబడితే వచ్చింది."

ఆ గిటారిస్టు మిగతా రోజుల్లో ఇనుప కార్ఖానాలో పనిచేసేవాడు. ఒకసారి యంత్రంలో ఆ ఎడమ చేతి ఉంగరం వేలే నలిగింది. గుడ్డ చుట్టుకుని వారం రోజులు అలాగే పనికి వెళ్ళాడు. ఆసుపత్రికి వచ్చేసరికి వేలు నల్లబడిపోయి, చీము అరచేతిలోకి దిగుతోంది. పెద్ద సర్జన్ చూసి, తియ్యాల్సిందే అన్నాడు. తీసే పని మామయ్యకు అప్పగించాడు.

"నన్ను గుర్తుపట్టాడు. నువ్వు సంతలో నిలబడే చిన్న డాక్టరువి కదా అన్నాడు. మళ్ళీ వాయిస్తానా అని అడిగాడు. నాకు తెలీదు. గిటారు గురించి నాకేం తెలుసు? కానీ తప్పకుండా వాయిస్తారు, ఏం కాదు అన్నాను. నా చెయ్యి పట్టుకుని థాంక్యూ అన్నాడు. తర్వాత మత్తిచ్చారు."

మామయ్య గిటారు వైపు చూసి మళ్ళీ మొదలుపెట్టారు.

"కుట్లు తీయించుకున్నాక మళ్ళీ రాలేదు. సంతలో అతని చోట ఎవరో చెప్పులు పెట్టుకుని అమ్ముతున్నారు. వెతకచ్చు. అడిగితే ఎవరైనా ఇల్లు చెప్పేవాళ్ళు. నేను ఆ వీధిలో నడవడం మానేశాను. అంతే చేశాను."

ఆ తర్వాతే ఆయనకు ఆ వేలు వినిపించడం మొదలైంది. సంతలో ఆ గిటారుల చుట్టూ తెల్ల కుర్రాళ్ళు కూడా నిలబడేవారు. ఆ వాయించేవాళ్ళ రికార్డులు అప్పటికే సముద్రం దాటి వెళ్ళాయి. విన్నవాళ్ళు అవే స్వరాలు వేగంగా, గట్టిగా వాయించి రాక్ అండ్ రోల్ అన్నారు. స్టేడియాలు నిండాయి. కారు రేడియో పెడితే అదే తోపు, అదే వంపు.

"తాతా, అది ఆయన ఒక్కడిదే కాదు," అంది నా కూతురు మెల్లగా. "అప్పుడు చాలామంది అలాగే వాయించారు. ఆయన ముందు కూడా. రాక్ మొత్తం వాళ్ళ దగ్గర్నించే వచ్చింది."

"తెలుసమ్మా. అందరి చేతుల్లోకీ వెళ్ళింది. ఆయన చేతికే లేకుండా పోయింది. తీసింది నేను."

అది ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని, అతని పేరేమిటని అడిగింది. యాభై ఏళ్ళ కిందటి పేరు మామయ్య తడుముకోకుండా చెప్పారు. ఆ పేరు ఇక్కడ రాసే హక్కు నాకు లేదు.

నా కూతురు వారం రోజులు వెతికింది. ఆ పేరుతో రికార్డు ఒక్కటీ దొరకలేదు. దొరికింది ఒక చిన్న చర్చి పేజీలో పాత ఫొటో. ఒళ్ళో గిటారు పెట్టుకున్న ముసలాయన, ఎడమ చేతి చిటికెన వేలికి తొడుక్కున్న ఇనుప గొట్టం. కింద, ఆయన పోయి చాలా ఏళ్ళయిందనీ, కూతురు అదే చర్చికి వస్తుందనీ ఉంది. ఆ ఫొటో మామయ్య చాలాసేపు చూశారు. వెళదామా అని నేనే అడిగాను. "ఏ మొహం పెట్టుకుని వెళ్తాను," అన్నారు. తర్వాత రెండు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. ఒక ఆదివారం పొద్దున్న చొక్కా ఇస్త్రీ చేసుకుని మా ఇంటికి వచ్చి, "డ్రైవ్ చేస్తావా?" అన్నారు.

దారంతా రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. నేను కారులో పాటలు పెట్టలేదు.

గిటారిస్టు కూతురికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. చర్చి వాళ్ళ దగ్గర నంబరు తీసుకుని, బయల్దేరే ముందు ఫోనులో విషయం చెప్పాం. లోపలికి రమ్మంది, కూర్చోమంది, నవ్వలేదు. ఆవిడ చెప్పినదంతా నాకు మాటమాటా గుర్తుంది. వాళ్ళ నాన్న గిటారును గుడ్డల అలమరలో పెట్టేశాడు. అది తియ్యకుండా పన్నెండేళ్ళు ఉన్నాడు. రేడియోలో రాక్ పాట వస్తే గదిలోంచి లేచి వెళ్ళిపోయేవాడు. ఆవిడ ఆ మాట అన్నప్పుడు నేను మామయ్య వైపు చూడలేకపోయాను. నలభై మైళ్ళ దూరంలో, ఒకరికొకరు తెలియకుండా, ఇద్దరు మనుషులు ఒకే పాటకి లేచి బయటికి నడిచారు.

తర్వాత ఒకరోజు అతను వంటింటి సింకు కింద మిగిలిన గొట్టం ముక్క కోసుకుని చిటికెన వేలికి తొడిగాడట. నొక్కడానికి వేలు లేదు కాబట్టి, తీగ మీద ఇనుము జార్చడం నేర్చుకున్నాడు. చివరిదాకా చర్చిలో వాయించాడు.

"అయితే వాయించారు," అన్నారు మామయ్య.

"వాయించాడు. కానీ అది వేరే. ఆయనే అనేవాడు, ఇది నేను కాదు అని."

"నేను ఆయనకి అబద్ధం చెప్పాను. మళ్ళీ వాయిస్తారు, ఏం కాదు అన్నాను."

ఆవిడ తల ఊపింది. "తెలుసు. చిన్న డాక్టరు నాకు అబద్ధం చెప్పాడు అనేవాడు. ఒక్కోసారి నవ్వుతూ అనేవాడు. ఒక్కోసారి కాదు."

మామయ్య ఆవిడ వైపు వంగారు. "మీ నాన్న నన్ను క్షమించారంటారా?"

ఆవిడ ఆయన్ని చూసింది. ఎవరైనా ఒక ముసలి మనిషికి ఆ క్షణంలో ఏం చెబుతారో నాకు తెలుసు. ఆవిడ అది చెప్పలేదు.

"నాకు తెలీదు," అంది. "నాతో ఎప్పుడూ అనలేదు."

తర్వాత లేచి క్యాసెట్ ప్లేయరు తెచ్చింది. చర్చిలో ఎవరో రికార్డు చేసినది. ముందు గరగర, ఎవరిదో దగ్గు, కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత తీగ మీద ఇనుము. ఆ స్వరానికి అడుగు లేదు. ఎక్కడ మొదలైందో, ఎక్కడికి చేరుకుందో తెలియలేదు. దేన్నో తడుముకుంటూ పోతున్నట్టుంది. మామయ్య లేచి నిలబడ్డారు, అయిపోయేదాకా అలాగే ఉన్నారు. మామూలుగా ఆ వేలిని పట్టుకునే చెయ్యి ఈసారి ఊరికే వేలాడుతోంది.

తిరిగి వస్తుంటే హైవే ఎక్కాక అన్నారు. "మంచిది, అబద్ధం చెప్పలేదు ఆవిడ."

ఆ చప్పుడు ఆగిందా అని తర్వాత అడిగాను. "లేదమ్మాయ్. ఇప్పుడు రెండు వినపడుతున్నాయి," అన్నారు. బాధగా చెప్పలేదు. వర్షం పడుతోందని చెప్పినట్టు చెప్పారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆవిడకు ఫోను చేసేవారు. "ఏం మాట్లాడుకుంటారో గంటసేపు," అని అత్తయ్య విసుక్కునేది. నేను విన్నంత మటుకు, ఎక్కువగా ఆవిడ మోకాలి నొప్పి గురించి. నడిచేటప్పుడు నొప్పా, మెట్లెక్కేటప్పుడా, ఏ మాత్ర వేసుకున్నారు. సర్జరీ చేయించుకుంటే బాగవుతుందా అని ఆవిడ అడిగితే, "చాలామందికి బాగవుతుంది. మీకు అవుతుందో లేదో చెప్పలేను," అన్నారు. ఆవిడ అవతల పకపకా నవ్వడం నాకు వినిపించింది. రెండిళ్ళ మధ్యా నేను విన్న మొదటి నవ్వు అది.

ఆయన పోయారని ఆవిడకి నేనే ఫోను చేసి చెప్పాను. అంత్యక్రియలు ఎప్పుడు, ఎక్కడ అని అడిగి రాసుకుంది.

గురువారం మధ్యాహ్నం అంత్యక్రియలు జరిపే ఫ్యూనరల్ హోమ్‌లో ఆవిడ చివరి వరసలో కూర్చుంది. ముదురు నీలం కోటు, టోపీ. శాస్త్రిగారు మంత్రాలు చదువుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని ఉంది. అందరూ పూలు వేశాక తనూ వచ్చి వేసింది. మా బంధువుల అబ్బాయిలు, ఆయన స్నేహితులు కలిసి పెట్టెను లోపలి దహనం గదిలోకి తీసుకెళ్ళారు. తలుపు మూశారు. జనం మెల్లగా బయటికి నడిచారు. మంచు సన్నగా రాలుతోంది.

కారెక్కిద్దామని చూస్తే అత్తయ్య లేదు. పార్కింగ్ చివర పాత బూడిదరంగు కారులో, ముందు సీట్లలో, గిటారిస్టు కూతురూ అత్తయ్యా పక్కపక్కన కూర్చుని ఉన్నారు. హీటరు కోసం కాబోలు ఇంజను నడుస్తోంది. మాట్లాడుకుంటున్నారో లేదో అంత దూరానికి తెలియలేదు. పిలవబోయి ఆగిపోయాను. చూస్తుండగా అద్దాల మీద లోపలి నుంచి ఆవిరి కమ్ముకొచ్చింది. ముందు మొహాలు పోయాయి, తర్వాత టోపీ అంచు, అత్తయ్య తెల్ల శాలువా. తెల్లబడ్డ అద్దాల వెనక ఎవరిదో చెయ్యి ఒక్కసారి కదిలింది.