అంచుల బాబాయి బొటనవేలు

అంచుల బాబాయి ఈ లోకంలో ఏ వస్తువునైనా అంచులు పట్టుకునే ఎత్తుతాడు. పళ్లెం, ఫొటో, పేపరు, చివరికి మనిషిని కూడా. తమ్ముడి మనవణ్ణి చేతికిస్తే, చంకల కింద రెండేసి వేళ్లు పెట్టి, ట్యూబులైటుకేసి ఎత్తి, ముందూ వెనకా తిప్పి చూసి, "బాగానే వచ్చాడు, తీసుకోండి" అని తిరిగి ఇచ్చేశాడు. ఆ తల్లి మళ్లీ ఆయన చేతికి పిల్లాణ్ణివ్వలేదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయనది తనిఖీ బల్ల. బోర్డు నిండా రాగి చుక్కలుంటాయి. వాటిమీద చిన్న చిన్న భాగాలు కూర్చుని, సోల్డరనే కరిగించిన లోహంతో అతుక్కోవాలి. ఆ రాగికి చేతి చెమట తగిలిందా, నాలుగు రోజుల్లో రంగు మారిపోతుంది. ఇక కరిగిన సోల్డరు దాన్ని పట్టుకోదు. తామరాకు మీద నీటిబొట్టులా ముద్దయి పక్కకి దొర్లుతుంది. అందుకని బాబాయి రోజంతా పనివాళ్ల వరసల మధ్య కాలు నిలవకుండా తిరుగుతూనే ఉంటాడు.

"అంచులమ్మా, అంచులు."

"అంచులే పట్టుకున్నాం బాబాయ్."

"అది అంచు కాదు. అది పొట్ట."

ఇంటావిడ ఒకసారి విసిగిపోయి, పొయ్యి మీది పాలగిన్నె చూపించి, "దీన్ని కూడా అంచులు పట్టుకుని దించండి చూద్దాం" అంది. బాబాయి దించాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. "గిన్నె మీద మరక పడిందా చెప్పు" అన్నాడు వేళ్లు ఊదుకుంటూ.

ఇవన్నీ చెప్పుకుని ఫ్యాక్టరీ అంతా నవ్వేది, కొత్తమ్మాయి తప్ప. ఆమె చేరి చాలాకాలమైనా ఆ తరవాత ఇంకెవరూ చేరలేదు కాబట్టి ఆ పేరు ఆమెకే ఉండిపోయింది. ఆమె చేతులకి ఊరికే చెమట పడుతుంది. భయపడితే ఇంకా పడుతుంది. పడుతోందేమోనని భయపడితే కారుతుంది. గుడ్డ గ్లౌజులు కాసేపట్లోనే తడిసి ముద్దయ్యేవి. బాబాయి వస్తున్నాడంటే ఆ చేతులు వెనక్కి పోయేవి, ముందుకొచ్చేవి, జేబుల్లో దూరేవి. బల్ల కింద కాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉండేది.

ఆ వారం రిజెక్టు బోర్డులు కుప్ప పడ్డాయి. సోల్డరు పట్టని ప్రతిచోటా గోధుమరంగులో ఒక బొటనవేలి ముద్ర. మేనేజరు భూతద్దం, ఇంకు ప్యాడు తెప్పించాడు.

"రేపు మధ్యాహ్నం అందరూ వేలిముద్రలు వెయ్యాలి. ఎవరి వేలని తేలితే వాళ్లకి అదే ఆఖరి రోజు."

మర్నాడు కొత్తమ్మాయికి కాలు ఒకచోట నిలవలేదు. మంచినీళ్ల దగ్గరికి వెళ్లి తాగకుండానే వచ్చింది. గడియారం చూసింది, టైమెంతో బుర్రకెక్కక మళ్లీ చూసింది. ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. భోజనాల గంట కొట్టగానే, కూతురి పెట్టెలోంచి తెచ్చిన పెన్సిల్ రబ్బరు గుప్పిట్లో దాచుకుని రిజెక్టుల గదికి పరుగెత్తింది. రాగి మీది మరక రబ్బరుతో రుద్దితే పోతుందని అక్కడ అందరికీ తెలుసు.

తలుపు తీస్తే లోపల బాబాయి.

చేతులకి గ్లౌజుల్లేవు. టిఫిన్ మూతలో ఉప్పునీళ్లు. ఒక చేత్తో బోర్డుని అంచులు పట్టుకుని, రెండో చేతి బొటనవేలు ఆ నీళ్లలో ముంచి, ఆముదం తాగుతున్న మొహం పెట్టి, పాత మరక మీద గట్టిగా నొక్కుతున్నాడు. నొక్కగానే వేడిగాలి గన్‌తో ఆరబెడుతున్నాడు.

"బాబాయ్, ఏం చేస్తున్నారు?"

"తలుపెయ్యి ముందు. ఉప్పు తగిలి కాస్త వేడెక్కితే గంటలో రంగు తిరిగి, పైముద్రే కనిపిస్తుంది."

"ఆ మరకలు నా వేళ్లవి బాబాయ్."

"నాకు తెలీదా? నీ బొటనవేలికి అడ్డంగా కత్తిగాటుంది. మొదటి బోర్డు మీదే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నీ చేతులు ఆరతాయా? ఇంకో నాలుగు బోర్డులు తడుపుతావు."

"వెళ్లి ఒప్పేసుకుంటాను."

"ఒప్పుకుంటే నువ్వు పోతావు. ఎండాకాలం వస్తే అందరికీ చెమట్లే, అందర్నీ పంపేస్తారా? మారాల్సింది గ్లౌజులు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడిస్తే అటు తిరిగి ఏడు. అందులోనూ ఉప్పుంటుంది. ఆ గుప్పిట్లో ఏమిటి?"

"రబ్బరు."

"దాచెయ్. రుద్దినచోట నిగనిగలాడి పట్టిస్తుంది."

మళ్లీ వేలు ముంచాడు, ఆగాడు, "ఏమనుకోకు తల్లీ" అన్నాడు. ఆమెతో కాదు, బోర్డుతో.

మధ్యాహ్నం కాగితం మీద వేళ్లన్నీ పడ్డాయి. మేనేజరు భూతద్దంలోంచి చూశాడు. అద్దం తుడుచుకుని చూశాడు. కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"బాబాయ్ గారూ, ఇవి మీవా?"

"నావే."

"మీరు? బోర్డుని? వేలితో?"

"వయసు మీద పడుతోంది కదండీ. అంచు ఎక్కడుందో ఆనడం లేదు."

ఆయన్ని తీసేస్తే తనిఖీ బల్ల దగ్గర కూర్చునే దిక్కు లేదు. మేనేజరు జుట్టు పీక్కుని, "మీకే ఇలా అయితే మిగతావాళ్ల సంగతేమిటండీ?" అన్నాడు.

బాబాయి ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాడు. "అదే నేనూ అనేది. గుడ్డ గ్లౌజు లోపల రబ్బరు గ్లౌజు. గంట గంటకీ కొత్తవి. ఒక్కరికి కాదు, అందరికీ."

మేనేజరు సరేనన్నాడు. ఊరికే వదిలితే బాగుండదని శిక్ష కూడా వేశాడు. బోర్డు ఎలా పట్టుకోవాలో నేర్పే క్లాసుకి బాబాయి విద్యార్థిగా హాజరు కావాలి. ఆ క్లాసు చెప్పేది బాబాయే.

మర్నాడు బాబాయి నల్లబల్ల ముందు నిలబడి, "బోర్డు మీద వేలు పెట్టిందెవరు?" అని గద్దించాడు. గబగబా వెళ్లి ముందు బెంచీలో కూర్చుని, లేచి, తల వంచుకుని, "నేనే మాస్టారూ" అన్నాడు. రొప్పుతూ మళ్లీ బల్ల దగ్గరికొచ్చాడు.

"సిగ్గుందా?"

జవాబు చెప్పడానికి మళ్లీ బెంచీకి బయల్దేరబోయాడు. ఆఖరి వరసలో కొత్తమ్మాయి లేచింది.

"చాలా ఉంది మాస్టారూ. ఈసారికి కూర్చోనివ్వండి."

బాబాయి ఆ ఖాళీ బెంచీకేసి కాసేపు కళ్లెర్రజేసి చూశాడు. "సరే, నీ మొహం చూసి వదిలేస్తున్నాను" అన్నాడు కొత్తమ్మాయితో. "మళ్లీ ఇలా చేస్తే మాత్రం వాడు వాళ్ల నాన్నని తీసుకురావాలి."