మా పెద్దమ్మ పెట్టిన షరతు

పెందుర్తిలో మా పాపని స్కూలు బస్సెక్కిస్తుంటే ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ పోయింది. వన్ టౌన్‌లో, పోర్టు దగ్గరున్న తన ఇంట్లో, స్టవ్ దగ్గర కాఫీ కలుపుకుంటూ కూలిపోయిందట. ఆవిడ కాఫీ తాగినా, అన్నం తిన్నా నిలబడే. "కూకుంటే నాకు ఊపిరాడదే" అనేది. ఆవిడ గురించి స్థిమితంగా నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఇప్పుడు నాకూ కుదురు చిక్కడం లేదు.

బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాక ఆవిడని ఒక కంపెనీ బోర్డులోకి పిలిచారు. ఓడల్లో వచ్చిన బొగ్గుని దింపి, గుట్టలు పోసి, ఫ్యాక్టరీలకు పంపే కంపెనీ అది. చర్చిలో అందరూ అభినందిస్తుంటే ఆవిడ నవ్వేసింది. "రూలు ప్రకారం బోర్డులో ఓ ఆడమనిషి ఉండాలట. నాను దొరికాను."

ఆ గుట్టల వైపు నుంచి బొగ్గు ధూళితో గాలి తిరిగితే ఆవిడ వీధిలో ఆరేసిన బట్టలన్నీ లోపలికి పరిగెత్తేవి. పసిపిల్లలున్న ఇళ్లలో ఎండాకాలం కూడా కిటికీలు మూసే ఉండేవి. మొదటి మీటింగ్‌కి కంపెనీ కారొచ్చిన రోజున, రోజూ గుమ్మంలోకి చేపలు తెచ్చే ఆమె గంప దించకుండానే అడిగేసింది.

"ఆళ్ల కారెక్కి ఎల్తన్నావు. రేపు ఆళ్ల మాటే మాటాడతావేటమ్మా?"

పెద్దమ్మ కారుని వెనక్కి పంపేసి ఆటో పిలిచింది. ఆ తర్వాత మీటింగులన్నిటికీ ఆటోలోనే వెళ్లింది.

లోపల ఏం మాట్లాడుకున్నారో ఇంట్లో ఒక్క ముక్క చెప్పేది కాదు. తిరిగొచ్చాక వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ ఉండేది. నేను అడగ్గా అడగ్గా ఒకసారి మాత్రం, "వాయిదా ఏశారంటే ఒద్దన్నట్టేనే. మర్యాదగా ఒద్దన్నారు, అంతే" అంది.

"అయితే రాజీనామా ఇచ్చేసి బయటికొచ్చెయ్యి పెద్దమ్మా. వీధిలో ఏమనుకుంటున్నారో వింటున్నావుగా" అన్నాను.

"వచ్చేత్తే ఏటవుద్ది? ఒక రోజు పేపర్లో పడతాది. మర్నాడు నా కుర్సీలో ఇంకొకాయన కూకుంటాడు. ఆయనకి ఈ వీధి ఎక్కడుందో తెలీదు."

అలా ఉండిపోవడం మంచిదేనా అని నేనింకా తేల్చుకోలేదు.

కొన్నాళ్లకి మొదటి గుట్ట మీద పెద్ద షెడ్డు లేచింది. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. పెద్దమ్మ డాబా మీద తెల్ల దుప్పట్లు ఆరేస్తుంటే, సంతోషంగా ఉందా అని అడిగాను. "ఒకటే కదే అయ్యింది. రెండోది అలాగే ఉంది" అని, చేతిలో క్లిప్పులు పట్టుకునే డాబా అంతా తిరిగింది. తర్వాత పదవీకాలం ముగిసింది. కంపెనీ మళ్లీ ఉండమని అడగలేదు. ఆ రోజు ఫోన్ చేసి, "ఒగ్గేశారే నన్ను" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఆ షెడ్డు ఎలా లేచిందో నాకు సమాధుల తోటలో తెలిసింది. ప్రార్థన అయ్యాక తెల్ల చొక్కాలో ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, ఆ కంపెనీ ఎండీనని చెప్పుకున్నాడు.

"షెడ్లు వెయ్యమని మీ పెద్దమ్మగారు ప్రతి మీటింగ్‌లో అడిగేవారమ్మా. మేం కాదనేవాళ్లం కాదు, తర్వాత చూద్దాం అనేవాళ్లం. అంతలో మా బోనస్‌లు తేల్చే కమిటీలో ఆవిడని వేశారు. అక్కడైతే గొడవ చెయ్యరనుకున్నాం. మొదటి రోజే షరతు పెట్టారు, బొగ్గు మీద కప్పు పడితేనే ఎండీకి పూర్తి బోనస్ అని. 'లాభం తెచ్చినందుకు ఇస్తున్నాం. ధూళి తెచ్చినందుకు కొయ్యొద్దా?' అన్నారు."

"మిగతావాళ్లు ఒప్పుకున్నారా?"

"ఒకాయన నవ్వాడు. కంపెనీలో బాగా వాటాలున్న ఫండ్ తరఫు మనిషి మాత్రం ఇది బాగుందన్నాడు. దాంతో నవ్వినాయన కూడా చెయ్యెత్తాడు. ఆ ఏడు నాకు కోత పడింది. ఆవిడ ముఖం చూసి మాట్లాడటం మానేశాను. మరుసటి ఏడు వానలకి ముందే షెడ్డు వేయించాను."

ఆవిడ అన్నాళ్లు వరండాలో నడుస్తూ కట్టుకున్న ఆలోచన ఇదన్నమాట. వీధిలో ఎవరికీ చెప్పుకోలేదు. చేపలామె రోజూ సూటిగా చూస్తున్నా చెప్పలేదు.

"మరి ఆ షరతు ఇప్పుడూ ఉందా?" అన్నాను.

"ఆవిడ వెళ్లాక తీసేశారు."

"మీరేమన్నారండీ అప్పుడు?"

"నా బోనస్ గురించి నేనేం మాట్లాడతానమ్మా?" అని కారు వైపు వెళ్లిపోయాడు. ఆయన మీద కోప్పడాలో, వచ్చినందుకు దండం పెట్టాలో తెలియలేదు. పెద్దమ్మ అయితే వెంట నడుస్తూ ఇంకో ప్రశ్న అడిగి ఉండేది. నేను అడగలేకపోయాను.

అందరూ వెళ్లిపోతున్నారు. సమాధుల తోట ఉన్న దిబ్బ మీద నుంచి పోర్టు బాగా కనిపిస్తుంది. షెడ్డు పక్కనే రెండో గుట్ట. దాని మీద కప్పిన టార్పాలిన్ పట్టా ఒక మూల ఊడి, గాలికి లేచి కొట్టుకుంటోంది. ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని వెనక్కి వాలి లాగుతున్నారు. పట్టా కిందికి దిగినట్టే దిగి, వాళ్లని నాలుగడుగులు ఈడ్చుకుంటూ మళ్లీ పైకి లేస్తోంది.