ఇంటిపేరు మార్చుకునే జబ్బు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను నెల్లూరులోని ఒక ఆసుపత్రికి న్యూరాలజీ విభాగం అధిపతిగా వేశారు. అక్కడ చూసిన కేసుల్లో ముత్తుకూరు సుబ్బరాయుడిది మరిచిపోలేను. పోర్టులో క్రేన్ ఆపరేటరు. నలభై ఐదేళ్లకే మూర్ఛలు, పక్షవాతం లాంటి దాడులు, రోజురోజుకూ మతిమరుపు. వాళ్ల ఊరి వైపు డాక్టరొకాయన చీటీ మీద 'వంశపారంపర్యం' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నాడు. ఎవరి వంశమో రాసే ఓపిక ఆ మహానుభావుడికి లేదు.

ఆ ముక్కతో సుబ్బరాయుడి కూతురు సుజాత పెళ్లి ఆగింది. మేనత్త రమణమ్మ కొడుక్కి చిన్ననాడే అనుకున్న సంబంధం. అంతకంటే ఘోరం, తనకూ తండ్రి గతే పడుతుందని ఆ పిల్ల తిండి మానేసింది.

సుబ్బరాయుడి కండరం ముక్క తీసి హైదరాబాదు ల్యాబుకు పంపాను. లోపం మైటోకాండ్రియా జన్యువులో దొరికింది. మైటోకాండ్రియా అంటే కణానికి శక్తినిచ్చే పొయ్యి. మెదడుకు శక్తి ఎక్కువ కావాలి గనక పొయ్యి మందగిస్తే అది త్వరగా దెబ్బతింటుంది. ఈ జన్యువులు పిల్లలకు తల్లి నుంచే వస్తాయి, తండ్రి నుంచి రావు. మేనరికమైతే ఆమె వైపు నుంచీ ఇదే లోపం రావచ్చు గనక సుజాత తల్లి ఎవరని విచారించాను. గూడూరు ఆవిడ, పాత చుట్టరికమేమీ లేదు.

సుబ్బరాయుడి అనుమతితో అందరినీ కూర్చోబెట్టాను. నేను నోరు తెరవకముందే రమణమ్మ అందుకుంది.

"పిల్లకి పరీక్ష చేసి రాసియ్యండి సార్. ఆ జబ్బు మా పుట్టింటిది. మేం వేరే ఇంటిపేరోళ్ళం, మా ఇంటికెందుకు తెచ్చుకోవాల?"

ఇంటిపేరు మారితే ఒంట్లో కణాలూ మారతాయనుకునే తెలివికి నా దగ్గర మందు లేదు. ఆమె చెవికి మిషను ఉంది. నా మాటలు రెండేసిసార్లు చెప్పించుకునేది. షుగరు కూడా ఉందట.

సుజాతకు తండ్రి జబ్బు రాదని, పరీక్ష అక్కర్లేదని చెప్పాను. చేయించుకోవలసింది సుబ్బరాయుడు పుట్టిన తల్లి కడుపునే పుట్టిన రమణమ్మ, ఆమె కొడుకు. చెవుడు, షుగరు కూడా ఆ లోపం వల్ల కావచ్చన్నాను. ఈ మాట మాత్రం ఆమె మళ్లీ చెప్పించుకోలేదు. "మాకెందుకు సార్ పరీక్షలు" అని లేచి వెళ్లిపోయింది.

తర్వాత తండ్రిని చూపించడానికి వచ్చినప్పుడు సుజాత చెప్పింది. "పెళ్లికి సరేనని అత్త కబురు పంపినాది సార్. బావని ముందు పరీక్ష చేయించుకోని రమ్మన్నా. ఇంతవరకూ రాలేదు." ఆ పిల్ల ఒళ్లు చేసి, నిబ్బరంగా కనిపించింది. నాకు సంతోషమేసింది.

ఆ తర్వాత నా జూనియర్లు కుటుంబ చరిత్రలో ఇంటిపేరు మారిన చోట గీత గీసి ఆపేస్తే ఒప్పుకోలేదు. అమ్మ, అమ్మమ్మ, మేనమామల సంగతి అడగమనేవాణ్ని. ఈ జబ్బు తరతరానికీ ఇంటిపేరు మార్చుకుంటుంది. ఆ పేరు పట్టుకుని వేలాడేది మనుషులే.