కరెంటు పోయిన తరువాత

మొన్న మైక్రోవేవ్ ఓవెన్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు, ప్లగ్గు పీకేశాక కూడా నన్ను దూరం జరగమన్నాడు. "తీసేసినా లోపల కరెంటు నిలవుంటాదమ్మా" అన్నాడు. మా నాయన గుర్తొచ్చాడు.

డెబ్బైల చివర్లో మా అక్క తిరుపతిలో యూనివర్సిటీలో ఫిజిక్సు పరిశోధన చేస్తుండేది. నైట్రోజన్ వాయువులోకి నెమ్మదైన ఎలక్ట్రాన్లను పంపి, అణువులను ఢీకొన్నాక వాటి శక్తి ఎంత తగ్గిందో కొలవడం ఆమె పని. అంతకు ముందు ఏడాదే మా చిన్నాయన బావి దగ్గర మోటారు స్టార్టరు పట్టుకుని, కరెంటు కొట్టి పోయాడు. అప్పటినుంచి నాయన ఇంట్లో లైటు స్విచ్చి కూడా కట్టెపుల్లతోనే వేసేవాడు. పెద్దకూతురు పొద్దస్తమానం కరెంటు మధ్యనే ఉంటుందని ఎవరో చెప్పేసరికి, ఆమెను ఇంటికి పిలుచుకొచ్చేద్దామని మా ఊరు పూతలపట్టులో బస్సెక్కాడు. కాలేజీ సెలవులు కాబట్టి నేనూ వెంట వెళ్లాను.

ల్యాబులో పంపు గురగురమంటోంది. కాగిన నూనె వాసన. నాయన గుడికొచ్చినట్టు చెప్పులు విప్పి గడప బయటే నిలబడిపోయాడు.

"ఈ ఎలక్ట్రాన్లు బలం లేనివి నాయనా" అంది అక్క. "అణువుకు తగిలితే బండకు గోళీ తగిలినట్టే. పక్కకు తిరిగిపోతాయి గానీ వేగం పెద్దగా తగ్గదు. ఒకోసారి మాత్రం అణువును వణికిస్తాయి. ఆ వణుకుకు కావాల్సిన శక్తిని పోగొట్టుకొని బయటికొస్తాయి. ఎంత పోగొట్టుకున్నాయో చూసేదే నా పని."

"వాటి సంగతి సరే. నీ సంగతేంది?" అన్నాడు నాయన.

అక్క ఒక ఇనప పెట్టె చూపించి, దాని దగ్గరికి మాత్రం రావద్దంది. బయటికొచ్చిన ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే సాధనానికి వేల వోల్టులు అందులోంచే వెళ్లేవి. మరమ్మతుకని ఆవేళ మూత తీసి ఉంది.

అంతలో కరెంటు పోయింది. పంపు ఆగింది. పంపుతో గాలి తోడేసిన గొట్టంలోకి మళ్లీ గాలి చొరబడకుండా వాల్వు మూయడానికి అక్క బల్ల అటువైపు పరుగెత్తింది. నాయన ముఖంలో అప్పటిదాకా లేని ధైర్యం వచ్చింది. కరెంటే లేకపోతే ఇక భయమేముంది? గడప దాటి వచ్చి, పెట్టెలో వేలాడుతున్న తీగను సర్దబోయాడు.

"నాయనా! చెయ్యి తియ్యి!" అక్క కేక పెట్టింది.

"కరెంటు పోయింది గదమ్మా..."

"పోలేదు. లోపల ఉండాది. కదలొద్దు!"

జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది. బావి గట్టున పడి ఉన్న చిన్నాయన కళ్లముందు మెదిలాడు. అక్క మెల్లగా వచ్చి, లోపల నిలవున్న కరెంటును నేలలోకి దించేసే, కట్టె పిడి ఉన్న ఎర్తు కడ్డీని పెట్టెలోపల తాకించింది. ఫట్‌మని తుపాకి పేలినట్టు చప్పుడు, నీలి మెరుపు. నాయన నేలమీద కూలబడ్డాడు.

అక్క ఇచ్చిన నీళ్లు తాగాడు. "నిన్ను పిలుచుకుపోదామనే వచ్చినాను. ఈ కరెంటు గుణం నీకు తెలిసినట్టు మాకు తెలీదు. నువ్వు ఈడ్నే ఉండమ్మా" అన్నాడు. తిరుగు బస్సులో ఊరు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

అక్క డాక్టరేటు పూర్తిచేసింది. నాయన ముసలితనం వచ్చాకే, మంచంమీద నిద్రలో పోయాడు. కాలం అందరినీ ముందుకు తోసుకుపోతుందంటారు. నేను ఆనాటి నాయన వయసు కూడా దాటేశాను. ఆ చెయ్యి మాత్రం నా కళ్లలో ఇంకా జానెడు దూరంలోనే ఆగి ఉంది.