పాప ఎంచిన బుల్లెట్

ఇప్పుడు మేముంటున్న అల్ఫారెట్టాలో, మా వంటింట్లో అరటిపండ్లు మరీ మగ్గినప్పుడల్లా నాకు వయోమింగ్‌లోని మా పాత గరాజ్ గుర్తొస్తుంది. నాన్న రైఫిల్ గొట్టం తుడిచే ఆయిల్‌కి అచ్చం అదే వాసన. ఆ చిన్న ఊళ్లో ఆయనొక్కరే సర్జన్, మాదొక్కటే తెలుగిల్లు; అక్టోబరు వచ్చి కొండల మీద చెట్లు పసుపు తిరిగాయంటే ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేట మొదలు, ఇక పులిహోర డబ్బాలూ, చారు పోసిన ఫ్లాస్కూ, ఉన్ని టోపీలూ అన్నీ హాల్లోనే పోగుపడేవి.

దసరా నాడు ఆయుధపూజలో అమ్మ రైఫిల్‌కీ, బుల్లెట్లు తూచే చిన్న త్రాసుకీ బొట్టు పెట్టేది. ఆ ఏటికి ఏ బుల్లెట్ వాడాలో ఆ సాయంత్రమే తేలాలి. "కాగితం మీద గురి కుదరడం సగమేనమ్మా. ఎముక తగిలాక అదేం చేస్తుందో చూడాలి" అనేవారు నాన్న. జంతువు లోపల దొరికిన బుల్లెట్‌ను కడిగి, తూచి, ఎంత బరువు మిగిలిందో, పుట్టగొడుగులా ఎంత విచ్చుకుందో చూసి, ఖాళీ మాత్రల డబ్బాలో వేసి, ఆపరేషన్ చేసిన రోగి గురించి రాసుకున్నంత శ్రద్ధగా చీటీ రాసి అంటించేవారు. ఆయన తపనంతా ఒక్కటే, ఆ జీవి బాధ పడకుండా పోవాలి. అంత నిష్ఠగా వేటాడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నా పదకొండో ఏట ఎంపిక నాకిచ్చారు. సీసానికి రాగి తొడుగు గట్టిగా అతికి ఉన్న బరువైన రకం చూపించాను. ఎల్క్ నాలుగడుగులు వేసి కూలింది. వేరే ఊళ్ల నుంచి ఇంటికొచ్చిన అంకుల్స్‌ అందరికీ నాన్న ఆ డబ్బా చూపించి "మా పాప సెలెక్ట్ చేసింది" అని మురిసిపోతుంటే నాకు కళ్లు నెత్తికెక్కాయి. మరుసటి ఏడు ఎర్ర ప్లాస్టిక్ మొన ఉన్న తేలిక రకమే కావాలని పట్టుబట్టాను. గురి చూసి కాల్చిన కాగితం మీద దాని మూడు రంధ్రాలూ ఒకదాన్నొకటి తాకాయి మరి. నాన్న చెప్పిన మిగతా సగం మర్చిపోయాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు.

ఆ బుల్లెట్ భుజం ఎముక మీదే ముక్కలైపోయింది. ఎల్క్ కుంటుతూ అడవిలోకి పోయింది. చీకటిపడేదాకా నెత్తుటి చుక్కల వెంట నడిచినా దొరకలేదు. తెల్లారాక మళ్లీ వెళ్తే వాగు పక్కన పడి ఉంది, మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయింది. నాన్న రెండో బుల్లెట్‌తో దాని బాధ తీర్చి, పక్కనే మోకాళ్ల మీద కూర్చుని మెడ నిమిరారు.

"నా వల్లేనా నాన్నా?"

"ట్రిగ్గర్ నొక్కింది నేనమ్మా."

ఆ ఏటి డబ్బా వైపు నేను సిగ్గుతో ఎన్నడూ చూడలేదు.

నాన్న పోయి ఏడాదైంది. ఇల్లు అమ్మేశాం, రైఫిల్ ఆయన స్నేహితుడికిచ్చేశాం, అక్టోబరు వచ్చినా హాల్లో ఉన్ని టోపీలు లేవు. మాత్రల డబ్బాలు మాత్రం నేను తెచ్చుకున్నాను. మొన్న నా పదకొండో ఏటిది తీస్తే చీటీ చివర "ఎంపిక: పాప" అని ఉంది. ఆ మరుసటి ఏటిదాంట్లో చితికిన రాగి రేకులు, ఇసుకంత సీసం. దూరం రాశారు, మిగిలిన తూకం రాశారు, "ఎల్క్‌కి పనికిరాదు" అని రాశారు. నా పేరు చదవడానికి గుండె దిటవు చేసుకుని చివరి వరుస చూశాను.

"ఎంపిక: నేను" అని ఉంది.