ఊళ్ళో ఏ వైపు?

1979 జనవరిలో షికాగో మీద విరుచుకుపడ్డ మంచు తుపానుకి, లూసీ వాళ్ళుండే అప్‌టౌన్ బిల్డింగులో గదులు వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయింది. ఓనరు ఫోనెత్తలేదు. లూసీ వంటింట్లో గ్యాస్ అవెన్ వెలిగించి, దాని తలుపు తెరిచిపెట్టి, ఎదురుగా కూతురు ఎస్తేరుని దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టింది. పిల్ల దగ్గు ఎటు దారితీస్తుందో నర్సుగా ఆమెకు తెలుసు. అనుకున్నంతా అయింది. వారం తిరక్కుండా ఎస్తేరు న్యుమోనియాతో ఆస్పత్రి పాలైంది.

"ఆ ఇంటికి మళ్ళీ పిల్లని తీసుకెళ్ళనండీ," అంది లూసీ భర్తతో.

సుందర్ రాజ్ గుంటూరులో లెక్కల మాస్టారు. లూసీ నర్సు ఉద్యోగానికి ముందు వచ్చేస్తే, ఆయన పిల్లని వెంటబెట్టుకుని తర్వాత వచ్చాడు. ఇక్కడ ప్రింటింగ్ ఫ్యాక్టరీలో కాగితాలు కట్టలు కట్టే పని దొరికింది. ఇంగ్లీషు తప్పు లేకుండా మాట్లాడతాడు కాబట్టి ఇళ్ళకోసం ఫోన్లు తనే చేశాడు. ఫోన్లో అందరూ మర్యాదగానే రమ్మనేవాళ్ళు. బస్సు దిగి మంచులో పడి వెళితే, తలుపు ఓరగా తీసి, "సారీ, ఇప్పుడే ఇచ్చేశాం," అనేవాళ్ళు. కిటికీలో 'అద్దెకు' బోర్డు అలాగే వేలాడుతుండేది. అలా తిరిగి తిరిగి ఒకరోజు ఆయన కోటైనా విప్పకుండా మంచం మీద కూలబడ్డాడు.

"రేపట్నుంచి నువ్వెళ్ళు లూసీ. యూనిఫాంలోనే వెళ్ళు. నా మొహం చూసి ఎవడూ ఇల్లివ్వడు."

మర్నాడు లూసీ డ్యూటీ దిగి, తెల్ల యూనిఫాం మీదే లింకన్ స్క్వేర్ వెళ్ళింది. అది పాతకాలపు జర్మన్లు ఎక్కువగా ఉండే పేట. మిసెస్ కెస్లర్ అనే పెద్దావిడ కింద తనుంటూ పై వాటా అద్దెకిస్తోంది. లూసీని ఎగాదిగా చూసి, ఏ మతమని అడిగింది.

"లూథరన్‌నండీ."

"ఇండియాలో లూథరన్లా!"

"మా తాతల నాటి నుంచీ."

తనదీ అదే చర్చి కావడంతో ముసలావిడ పకపకా నవ్వింది. లోపలికెళ్ళి తాళంచెవులు పట్టుకొచ్చింది.

ఇల్లు వెచ్చగా ఉండేది, కానీ ఆంక్షలు బోలెడు. మెట్లు శనివారం శనివారం తుడవాలి. ఆదివారం బట్టలు ఉతకకూడదు. చేపల వాసన రాకూడదు. లూసీ చేపల పులుసు మానేసింది. ఓసారి తెలుగు కుటుంబాలు నాలుగైదు ప్రార్థనకి వచ్చి కీర్తన ఎత్తుకోగానే, కిందనుంచి చీపురుకర్రతో ధనధనా చప్పుడు మొదలైంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ప్రార్థనలన్నీ గుసగుసల్లోనే సాగాయి.

"ఇంటి అద్దెలో గొంతు కూడా కట్టేశాం," అన్నాడు సుందర్ రాజ్.

అయినా అక్కడే మూడేళ్ళు గడిచాయి. ఎస్తేరు ముసలావిడ వంటింట్లో బిస్కెట్లు చేయడం నేర్చుకుంది. అంతలో మిసెస్ కెస్లర్ కొడుక్కి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయింది. పెళ్ళాం పిల్లలతో తల్లి దగ్గరికే వస్తున్నాడు. ఆ మాట చెప్పడానికి ఆవిడ మెట్లెక్కి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. వేసవికల్లా ఖాళీ చేయాలంది. ఆవిడ కళ్ళు తడిగా ఉండటం చూసి లూసీకి కోపం కూడా రాలేదు.

ఆ దిగుల్లో ఉండగా, డెవాన్ అవెన్యూలో కూరల కొట్టు దగ్గర రాధారాణి కలిసింది. డాక్టరు గారి భార్య. తెలుగు అసోసియేషన్ ఉగాదిలో ముఖపరిచయం.

"స్కోకీలో ఇంకో ఇల్లు కొన్నామండీ. మనవాళ్ళకైతేనే రెంట్‌కి ఇద్దామని. మా విద్యకి మీ పాప తోడుంటుంది. సాటర్‌డే వచ్చి చూడండి!"

శనివారం ముగ్గురూ వాళ్ళింటికి వెళ్ళారు. రాధారాణి స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చింది.

"మాది బాపట్ల. మీదే ఊరు లూసీగారూ?"

"పొన్నూరండీ."

"అరె, మా పిన్నిగారిదీ పొన్నూరే! ఊళ్ళో ఏ వైపు?"

లూసీకి ఆ ప్రశ్న తెలుసు. బడి వైపని చెప్పొచ్చు, బస్టాండు వైపని చెప్పొచ్చు. సుందర్ రాజ్ చేతిలో గ్లాసు వైపే చూస్తున్నాడు.

"చర్చి వైపండీ. లూథరన్ చర్చి వెనక."

"ఓ," అంది రాధారాణి. నవ్వు అలాగే ఉంది. కానీ తాళాలు తీసుకుని ఇల్లు చూపించడానికి లేవలేదు. "మావారు ఎవరికో మాటిచ్చినట్టున్నారు. కనుక్కుని ఫోన్ చేస్తానండీ."

ఎస్తేరు ఖాళీ గ్లాసు తీసుకుని సింకు దగ్గరికి నడవబోయింది. "అక్కడే పెట్టెయ్యమ్మా, అక్కడే!" అంటూ రాధారాణి చెయ్యి అడ్డం పెట్టింది.

కార్లో కూర్చున్నాక సుందర్ రాజ్ చాలాసేపు స్టార్ట్ చేయలేదు.

"తెల్లవాళ్ళు మొహం చూసి తలుపేశారు. వీళ్ళు కాఫీ ఇచ్చి మరీ వేశారు."

"మనం రూమ్స్ చూడలేదు కదా డాడీ?" అంది వెనక సీట్లోంచి ఎస్తేరు. సుందర్ రాజ్ కారు స్టార్ట్ చేశాడు.

ఎదురుచూసి ఎదురుచూసి లూసీయే ఫోన్ చేసింది.

"అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామండీ!" అంది రాధారాణి.

"రాధారాణిగారూ, మీ ఇల్లు మాకొద్దు. కానీ ఇచ్చేశామనకండి. 'మీకు ఇవ్వం' అని చెప్పండి."

అవతలనుంచి, "మా అత్తగారు వస్తున్నారండీ, ఆవిడకి పట్టింపులు..." అని ఏదో మొదలైంది. లూసీ రిసీవర్ పెట్టేసింది. ఆ మాట అనగలిగినందుకు ఆమెకు సంతోషమేమీ కలగలేదు.

చివరికి ఆల్బనీ పార్కులో, చెప్పులు కుట్టే కొట్టు పైన, ఒక కొరియా ఆయన రెండు గదులిచ్చాడు. ఎక్కడ పనిచేస్తారని మాత్రమే అడిగాడు. వెనక రైలు వెళ్ళినప్పుడల్లా అల్మారాలో గిన్నెలు గలగలమనేవి. బొద్దింకలు సరేసరి. సుందర్ రాజ్ ఆ తర్వాత ఏ తెలుగు అసోసియేషన్ మీటింగుకీ వెళ్ళలేదు. వెళ్దామని లూసీ కూడా బలవంతపెట్టలేదు.

ఆయన లెక్కల పుస్తకాల పెట్టె ఆ ఇంట్లో ఒక మూల టేపు కూడా విప్పకుండా ఉండిపోయింది. ఒక సెలవురోజు లూసీ కత్తెర పట్టుకుని దాని ముందు కూర్చుంది.

"ఉండనీ లూసీ," అన్నాడాయన. "విప్పితే మళ్ళీ కట్టాలి."