తుడుసుడు నర్సింహులు

ఎవరి ముఖమ్మీదైనా కళ్లద్దాలు కనిపిస్తే చాలు, నర్సింహులు చేతులు ఊరుకోవు. తీస్తాడు, తుడుస్తాడు, తనే మళ్లీ పెడతాడు. అడగడం, పరిచయం చేసుకోవడం అతని పద్ధతిలో లేవు. జేబులో చిన్న స్ప్రే సీసా, మెత్తటి బట్ట ఎప్పుడూ ఉంటాయి. తుడిచాక అద్దాలను వెలుతురుకెత్తి అటూ ఇటూ ఊపి చూసుకోవాలి. ఆ ఊపుడు ముగిసేదాకా అద్దాల మనిషి మసకమసకగా నవ్వుతూ నిలబడాల్సిందే.

అట్లాంటివాడు పటాన్‌చెరు దగ్గరి ఆప్టోమెట్రీ కాలేజీలో చేరాడు. చూపు పరీక్షించి అద్దాలు రాయడం నేర్పే ఆ చోట సగం కాలేజీకి కళ్లద్దాలే. చీమ వెళ్లి చక్కెర డబ్బాలో పడ్డట్టయింది. వారం తిరిగేసరికి ‘తుడుసుడు నర్సింహులు’ అని పేరు పడిపోయింది.

కొత్త పిల్లలకు స్వాగతం చెప్పే రోజున ప్రిన్సిపాల్ గారు ఉపన్యాసానికి లేచారు. పూలగుత్తి అందించడానికి వేదిక ఎక్కిన నర్సింహులు, గుత్తి ఇచ్చిన చేత్తోనే ఆయన అద్దాలు తీసేశాడు.

"ఏందయ్యా ఇది?"

"ఒక్క నిమిషం సార్. ఏలిముద్రలున్నయి."

ఆయన పరువు కాపాడుకోవడానికి ఉపన్యాసం ఆపలేదు. "ముందు వరుసలో క్రమశిక్షణతో కూర్చున్న విద్యార్థులను చూడండి!" అని చెయ్యి చాపారు. అక్కడ ఉన్నవి ఖాళీ కుర్చీలు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

బస్సులోనూ అంతే. ఓ పొద్దున డ్రైవరు వెనకాలే నిలబడి, "అన్నా, గిన్ని మరకలతోని ఎట్ల నడుపుతున్నవే?" అంటూ చెయ్యి చాపాడు. బస్సంతా ఒక్కసారిగా లేచింది.

"ఓ పిలగా! బండి ఆగినంక తుడువురా నాయనా!"

సిగ్నల్ దగ్గర ఆగాక తుడిచాడు. పచ్చ లైటు వచ్చింది. వెనక లారీలు హారన్లతో గోల పెట్టాయి. అద్దాలను నిమ్మళంగా ఊపి చూసుకున్నాకే నర్సింహులు వాటిని డ్రైవరు ముక్కు మీద పెట్టాడు.

ఈ మనిషితో అసలు పరేషాన్ అంతా రుచితది. వెలిమెల పిల్ల, విద్యార్థి సంఘం సెక్రటరీ. కర్దనూర్ బడిలో ఆమె తన మొదటి కంటి క్యాంపు పెట్టిస్తోంది. సంఘం పిల్లలు అప్పటికే గాల్లో తేలుతున్నారు. బ్యానర్ ఎవరు కట్టాలి, మైకు ఎవరు పట్టాలని కొట్లాటలు. అప్పుడే ప్రిన్సిపాల్ రుచితను పిలిచారు.

"ఎవరి ముఖమ్మీదైనా వాడి చెయ్యి పడిందా, ఈ ఏడు మీ సంఘానికి క్యాంపులు బంద్."

రుచిత బాగా ఆలోచించి నర్సింహులుకు నీళ్ల క్యాన్లు మోసే పని ఇచ్చింది. కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి.

"దించకు. దించినవంటే నా సెక్రటరీగిరీ ఖతం."

"సెక్రటరీ మేడం, చేతులు గుంజుతున్నయి."

"గుంజనీ!"

క్యాంపు మొదలైంది. మైకు అరిచింది, బ్యానర్ ఎగిరింది. జనమూ వచ్చారు. కానీ గేటు దగ్గరే ఆగిపోయారు. ఎక్కువమంది చుట్టుపక్కల కంపెనీల్లో ప్యాకింగ్ పని చేసేవాళ్లు.

"రాండ్రి అవ్వా, కండ్లు జూస్తం!" అని సంఘం పిల్లలు పిలిచారు.

"మాకేమైంది? మంచిగనే కనవడ్తయి," అంది ముందు నిలబడ్డ ఆగమ్మ, లావుపాటి అద్దాలు సర్దుకుంటూ. పక్కావిడ గొణిగింది: "చూపు తక్కువుందని రాస్తరు. సూపర్‌వైజర్‌కు ఎర్కైతే పనిలకెళ్లి తీసేస్తడు."

గంట గడిచినా కుర్చీలు ఖాళీ. ప్రిన్సిపాల్ వచ్చే వేళయింది. ఖాళీ క్యాంపు చూస్తే మరో క్యాంపుకి ఒప్పుకుంటారా?

అప్పుడు వినిపించింది, దబ్ దబ్‌మని రెండు క్యాన్లు నేల మీద పడ్డ చప్పుడు.

"నర్సింహులూ, వద్దు!"

ఆగమ్మ అద్దాలు అప్పటికే అతని చేతిలో ఉన్నాయి. "ఏందవ్వా, అద్దాల మీద ఇంత దుమ్మా? గివి తుడిచేదాంక ఆ గోడ మీది చార్టుల అక్షరాలు జూసి చెప్పు, పొద్దు పోతది."

"ఓరి నీ పాడుగాను! నాకు సదువొస్తదా?"

"అయితే ఆ అక్షరం గీతలు ఎటు దిక్కు మళ్లినయో చెయ్యితోని చూపెట్టు."

ఆగమ్మ నవ్వుతూ చూపించింది. నర్సింహులు అద్దాలను వెలుతురుకెత్తి ఊపాడు. తర్వాత రుచిత పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "దూరం చూపు మంచిగనే ఉంది. ఈ అద్దాలేమో దూరానికే. ఎవరివో పెట్టుకుంది. దగ్గరివి కనవడకనే అవస్థ."

రుచితకు క్లాసు గుర్తొచ్చింది. అద్దాన్ని ఊపితే అందులోంచి కనిపించే గీత ఎటు కదులుతుందో చూసి పవర్ అంచనా కట్టడం తనకూ క్లాసులో చెప్పారు. ఇన్నాళ్లుగా వీడు ఊపుతున్నది అందుకా!

"అంటే అందరివీ గిట్లనే చూస్తున్నవా?"

"కుదరనివి ఉంటే చెవుల చెప్త. డ్రైవరన్న మొన్ననే మార్చుకున్నడు."

"మరి పరీక్ష చేస్తున్ననని చెప్పొచ్చు గదా?"

"పరీక్ష అంటే భయపడ్తరు. తుడుస్త అంటే ఎవరన్నా వద్దంటరా?"

రుచిత మైకు గుంజుకుంది. "అద్దాలు తుడుసుడు! మంచిగ తుడిచిస్తం! మీ ముచ్చట ఏ కంపెనీకి చెప్పం, రాండ్రి!"

గేటు దగ్గరి గుంపు కదిలింది. అద్దాలున్నవాళ్లు తుడిపించుకోవడానికి, లేనివాళ్లు తమాషా చూడటానికి. నర్సింహులు తుడవడం, పిల్లలు గోడ మీది గీతలు అడగడం, చూపు తక్కువని తేలినవాళ్లను లోపలి కుర్చీకి పంపడం. ఆగమ్మ క్యాంపులో ఇచ్చిన దగ్గరచూపు అద్దాలతో చేతిలోని బీడీకట్ట మీది బొమ్మను దగ్గరగా చూసి, "ఓయమ్మ, వీనికి మీసాలున్నయే!" అని కేకేసింది. బడంతా జాతరైపోయింది.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ కారు దిగారు. ఎవరి ముఖమ్మీదో నర్సింహులు చేతులు. రుచిత మైకు దించింది. ఆయన ఎర్రబడ్డ ముఖంతో జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చారు.

ఆగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఓ సారూ! పొద్దటిసంది నిలవడ్డోళ్లు మనుషులు గాదా? తోసుకుంట ముందుకొస్తవేంది? పో, లైన్ల నిలవడు!"

ఆయన ఏదో అనబోయారు. వెనక్కి చూశారు. వరుస గేటు దాటి రోడ్డు దాకా ఉంది. కోపం ఎక్కడ పోయిందో, ఇంతమంది వచ్చారా అనుకున్నారు.

తర్వాత అద్దాలు తీసి చేత్తో పట్టుకుని, మెల్లగా నడిచి, చివరికెళ్లి నిలబడ్డారు.